ఆడించాలా, ఆపాలా: ఆ మాట ఎవరిది?

పాఠకుల ప్రశ్నలకు క్రీడా ఫిజియోథెరపిస్టు జవాబులు

ప్రశ్న: నేను బి.పి.టి. (ఫిజియోథెరపీ డిగ్రీ) మూడో సంవత్సరం చదువుతున్నాను. ఫుట్‌బాల్ క్లబ్బులో ఫిజియోగా చేరాలని ఆశ. దెబ్బ తగిలినప్పుడు సంచి పట్టుకుని మైదానంలోకి పరుగెత్తడం తప్ప వాళ్ల పని టీవీలో కనిపించదు. అసలు రోజంతా ఏమి చేస్తారు? కోచ్ ఒకటి, వైద్య బృందం ఇంకొకటి చెబితే ఎవరి మాట చెల్లుతుంది?
– ఒక విద్యార్థిని, అనంతపురం

జవాబు: అమ్మా, నీ రెండో ప్రశ్నే ఈ వృత్తికి ఆయువుపట్టు. ముందు మొదటిది చూద్దాం.

నేను పనిచేసిన క్లబ్బులో రోజు మొదలయ్యేది మసాజ్ బల్లల దగ్గర. శిక్షణకు చాలా ముందే ఆటగాళ్లు ఒక్కొక్కరుగా వచ్చి వెల్లకిలా పడుకునేవారు. బీపీ చూసే పట్టీలో కొంచెం గాలి నింపి రెండు మోకాళ్ల మధ్య పెట్టి, గట్టిగా నొక్కమనేవాళ్లం. ఆ పట్టీ మీటరులో ముల్లు ఏ అంకె వరకు పోయిందో రాసుకునేవాళ్లం. అతని మామూలు అంకె కంటే బాగా తగ్గిందంటే గజ్జల కండరాల మీద భారం ఎక్కువైందని అనుమానించాలి. ఆ రోజు అతనితో గోల్‌పోస్టుకు బంతులు కొట్టించే సాధన తగ్గించమని కోచ్‌కు కబురు వెళ్లేది. ఆటగాడు మాత్రం ‘బాగానే ఉంది సార్’ అంటూనే ఉంటాడు. కాంట్రాక్టు ముగియబోతున్న కుర్రాడు నొప్పి ఉందని అంత తేలిగ్గా ఒప్పుకోడు. అందుకే ఆ ముల్లు కావాలి. మా మసాజ్ నిపుణుడికి మాకన్నా ముందే చాలా సంగతులు తెలిసేవి. ఆటగాళ్లు మనసు విప్పేది ఆయన బల్ల మీదే. ఆయన చెప్పింది పట్టించుకోని ఫిజియో ఎంత చదివినా సగం పనే చేస్తున్నట్టు.

ఇక రెండో ప్రశ్న. 2015 ఆగస్టు 8న లండన్‌లో చెల్సీ, స్వాన్‌సీ క్లబ్బుల మధ్య మ్యాచ్. స్కోరు 2-2. చెల్సీ గోల్‌కీపర్ కోర్ట్వాకు అప్పటికే రెడ్ కార్డు పడింది, జట్టులో పదిమందే మిగిలారు. చివరి నిమిషాల్లో చెల్సీ ఆటగాడు ఎడెన్ హజార్డ్ కింద పడ్డాడు. రిఫరీ పిలిచాడు. చెల్సీ డాక్టర్ ఈవా కార్నీరో, ఫిజియో జాన్ ఫెర్న్ పరుగెత్తారు. నియమం ప్రకారం మైదానంలో చికిత్స పొందిన ఆటగాడు కాసేపు బయటికి వెళ్లాలి. గోల్‌కీపర్‌కు, మరికొన్ని సందర్భాలకు మినహాయింపు ఉంది కానీ ఇక్కడ అది వర్తించదు. చెల్సీ కాసేపు తొమ్మిదిమందితో ఆడవలసి వచ్చింది. చెల్సీ మేనేజర్ (అంటే ప్రధాన కోచ్) మౌరీనియో వాళ్లకు ఆట అర్థం కాదన్నట్టు అందరి ముందూ విమర్శించాడు. కార్నీరోను మ్యాచ్ రోజు విధుల నుంచి తప్పించారు. ఆమె సెప్టెంబరులో క్లబ్బు వదిలి న్యాయపోరాటానికి దిగింది. 2016 జూన్‌లో రాజీ కుదిరినప్పుడు, ఆమె ఆట నియమాలనూ తన బాధ్యతనూ పాటించిందని క్లబ్బే ఒప్పుకుని క్షమాపణ చెప్పింది. నా దృష్టిలో ఆ క్షమాపణ ప్రపంచంలోని ప్రతి క్లబ్బు ఫిజియో గదిలోనూ గోడకు అతికించి ఉండాలి.

ఆటగాడి మాట మీదైనా వదిలేయవచ్చా అంటే, అదీ కుదరదు. 2014 ప్రపంచకప్ ఫైనల్లో జర్మనీ ఆటగాడు క్రిస్టోఫ్ క్రామర్ తలకు దెబ్బ తగిలాక కూడా దాదాపు పావుగంట ఆడాడు. మధ్యలో రిఫరీ దగ్గరికి వెళ్లి, ఇది ఫైనలేనా అని అడిగాడు! తాను ఎక్కడ ఉన్నాడో తెలియని మనిషి ఆడగలనో లేదో ఎలా చెబుతాడు? ఇలాంటివి చూశాకే తల దెబ్బకు అదనపు ప్రత్యామ్నాయ ఆటగాణ్ణి దింపే పద్ధతి 2021లో ప్రయోగంగా మొదలై, 2024లో నియమావళిలోకి వచ్చింది.

కాబట్టి ఎక్కడ చేరినా, ఆడించాలా వద్దా అన్న తుది నిర్ణయం వైద్య బృందానిదేనని ముందే కాగితం మీద రాయించుకో. అలాగని కోచ్‌తో మాట్లాడటం మానకు. యూరప్ పెద్ద క్లబ్బులను ఏళ్ల తరబడి గమనించిన పరిశోధకులు, కోచ్‌కూ వైద్య బృందానికీ మాటలు సరిగా లేని చోట గాయాల బెడద ఎక్కువగా ఉందని తేల్చారు.

ప్రశ్న: మా అబ్బాయికి పదిహేడేళ్లు. పరుగెత్తుతుండగా తొడ వెనక కండరం పట్టేసింది. నొప్పి లేకుండా నడుస్తున్నాడు కదా, వచ్చే వారం ఆడించవచ్చని కోచ్ అంటున్నారు.
– ఒక తండ్రి, కరీంనగర్

జవాబు: నడక కొలమానం కాదండీ. ఈ కండరం తెగేది నడిచేటప్పుడు కాదు, ఎక్కువగా పూర్తి వేగంతో పరుగు తీసేటప్పుడు. బాబును బోర్లా పడుకోబెట్టి, మోకాలు కొంచెం వంచి, మడమ మీద చెయ్యి పెట్టి కిందికి నొక్కుతాం, కాలు కిందికి పోకుండా బలంగా నిలపమంటాం. రెండు కాళ్ల బలం ఒకేలా ఉండాలి. వేలితో నొక్కితే నొప్పి ఉండకూడదు. ఆ తర్వాత కొన్ని రోజులు వేగం పెంచుకుంటూ పోయి, భయం లేకుండా పూర్తి వేగం అందుకోవాలి. అప్పుడే మ్యాచ్. తేదీ చూసి కాదు. తొందరపడితే మళ్లీ అక్కడే తెగుతుంది, రెండోసారి ఇంకా ఎక్కువ రోజులు పడుతుంది. యూరప్ క్లబ్బుల్లో మొత్తం గాయాల్లో ఈ కండరం గాయాల వాటా రెండు దశాబ్దాల్లో 12 శాతం నుంచి 24 శాతానికి పెరిగింది. డబ్బుకు లోటు లేని చోటే అలా ఉంది. కోలుకున్నాక నార్డిక్ వ్యాయామం నేర్పించండి: మోకాళ్ల మీద నిలబడితే ఒకరు చీలమండలు పట్టుకుంటారు, అతను నడుము వంచకుండా మెల్లగా ముందుకు వాలాలి. క్రమం తప్పకుండా చేసిన జట్లలో ఈ గాయాలు సుమారు సగానికి తగ్గాయి.

ప్రశ్న: సంక్రాంతికి మా ఊళ్లో ఫుట్‌బాల్ పోటీలు పెడుతున్నాం. క్లబ్బుల్లాగా డాక్టర్లను పెట్టుకోలేం. కనీసం ఏమి ఉండాలి?
– యువజన సంఘం సభ్యులు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: ఈ ప్రశ్న అడిగినందుకు మీకు నమస్కారం. 2004 డిసెంబరు 5న బెంగళూరులో ఫెడరేషన్ కప్ ఫైనల్లో గోవా క్లబ్బు డెంపో ఆటగాడు క్రిస్టియానో జూనియర్ గోల్ కొడుతూ గోల్‌కీపర్‌ను ఢీకొని కుప్పకూలాడు, ప్రాణం దక్కలేదు. 2021 జూన్ 12న కోపెన్‌హాగన్‌లో డెన్మార్క్ ఆటగాడు ఎరిక్సన్ గుండె మైదానంలోనే ఆగింది. వైద్యులు అక్కడే ఛాతీ నొక్కి, యంత్రంతో షాక్ ఇచ్చి బతికించారు. తర్వాతి ఫిబ్రవరిలో అతను ఇంగ్లండ్‌లో మళ్లీ ఆడాడు.

ఎవరూ తగలకుండానే ఆటగాడు పడిపోయి, పిలిస్తే పలకకపోతే గుండె ఆగిందనే భావించండి. కాళ్లు చేతులు కొట్టుకున్నా, ఎగశ్వాస తీస్తున్నా అదే అనుకోండి. మన ఊళ్లలో ఫిట్స్ అనుకుని చేతిలో తాళాలు పెడతారు. ఆ నిమిషాలే ప్రాణం తీస్తాయి. ఒకరు 108కి ఫోన్ చేయాలి, మరొకరు వెంటనే ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు, కనీసం రెండంగుళాల లోతు నొక్కాలి. అలసిపోతే మనిషి మారాలి, నొక్కడం ఆగకూడదు. పోటీలకు వారం ముందు దగ్గరి ఆసుపత్రి నుంచి ఎవరినైనా పిలిపించి, మీ సంఘంలో కనీసం ఆరుగురు నేర్చుకోండి. షాక్ ఇచ్చే ఏఈడీ యంత్రం దొరికితే అడిగి తెచ్చి పెట్టుకోండి.

అంబులెన్స్ మైదానంలోకి వచ్చే దారిలో మోటారు సైకిళ్లు నిలపనివ్వకండి. మైదానం ఏ బడిదో అయితే, దాని పెద్ద గేటు తాళంచెవి ఆ రోజంతా ఎవరి జేబులో ఉంటుందో ముందే పేరు పెట్టి నిర్ణయించుకోండి.