ఇశ్రాయేలీయులది విడుదలా, విమోచనా?

సందేహం: మా సంఘంలో సండేస్కూలు పిల్లలకు నిర్గమకాండం పాఠాలు రాస్తున్నాను. ఒక పాఠానికి 'ఐగుప్తు విమోచన' అని పేరు పెట్టి, 'ఇశ్రాయేలీయులు బానిసత్వం నుంచి విమోచింపబడ్డారు' అని మొదలుపెట్టాను. విమోచన అన్న మాట క్రీస్తు సిలువకే చెందుతుందనీ, ఇక్కడ విడుదల అని రాయాలనీ ఒక పెద్దాయన అన్నారు. మరొకరు విముక్తి అనమన్నారు. ఏది సరైనది? దాసత్వం, దాస్యం, బానిసత్వం, వెట్టి – వీటిలో ఏది వాడాలి?

సమాధానం: ముందు పాఠం పేరు మార్చండి. 'ఐగుప్తు విమోచన' అంటే ఐగుప్తుకు విమోచన కలిగిందన్న అర్థం కూడా వస్తుంది. నిజానికి అదే ముందు తోస్తుంది. సెప్టెంబరు 17ను 'తెలంగాణ విమోచన దినం' అనేవారి లెక్కలో విమోచన పొందింది తెలంగాణ (అది విమోచనా, విలీనమా అన్న వాదం వేరు, దాని జోలికి ఇక్కడ పోను). ఊరి పేరో దేశం పేరో ముందుంటే తెలుగువాడి చెవి దాన్ని షష్ఠీ సమాసంగానే ('తెలంగాణ యొక్క విమోచన' అన్నట్టు) వింటుంది. 'శాపవిమోచనం', 'ఋణవిమోచనం', 'పాపవిమోచన' అన్నప్పుడు ఈ చిక్కు రాదు. శాపం, ఋణం, పాపం – ఇవి కట్టి ఉంచేవని అందరికీ తెలుసు కాబట్టి 'శాపం వలన విమోచనం' అని పంచమీ తత్పురుషగా అర్థం చేసుకుంటాం. 'ఇశ్రాయేలు విమోచన' అంటే విమోచన పొందినవారు ఇశ్రాయేలు. అదీ తేటగానే ఉంది. ఐగుప్తు మాత్రం కట్టి ఉంచినదీ కావచ్చు, విడుదలైనదీ కావచ్చు. అందుకే సమాసం వదిలేసి విభక్తి పెట్టండి: 'ఐగుప్తు నుండి విమోచన'. నుండి, నుంచి రెండూ ఒప్పే. ఒకే పాఠంలో ఒకటే వాడితే చాలు.

ఇక పెద్దాయన అభ్యంతరం. తెలుగు బైబిలు ఆయన పక్షాన లేదు. ఎఱ్ఱసముద్రం దాటాక మోషే పాడిన పాటలోనే (నిర్గమ 15:13) 'నీవు విమోచించిన యీ ప్రజలను' అని ఉంది. ఐగుప్తులో దాసుడవై ఉన్నప్పుడు దేవుడు నిన్ను విమోచించాడని జ్ఞాపకం చేసుకోమని ద్వితీయోపదేశకాండం 15:15 చెబుతుంది. తొలి క్రైస్తవ హతసాక్షి స్తెఫను తన ప్రసంగంలో మోషేనే విమోచకుడన్నాడు (అపొ. కార్య. 7:35). విమోచన అన్న మాట నిర్గమం నుంచి సిలువ దగ్గరికి వెళ్లిందే కానీ, సిలువ దగ్గర పుట్టి వెనక్కి రాలేదు.

అయితే ఆయన మాటలో పట్టించుకోవలసినది ఒకటుంది. విడుదల, విడిపించు, విమోచన, రక్షణ – వీటిని ఒకదాని చోట ఒకటి వేయడం కుదరదు. తేడా కర్త దగ్గర తెలుస్తుంది. ఖైదీని జైలు అధికారి విడుదల చేస్తాడు, లాయరు విడిపిస్తాడు. బంధించినవాడు కూడా విడుదల చేయగలడు, కానీ విడిపించలేడు. విడిపించేవాడు ఎప్పుడూ బయటివాడే. 'ఫరో ఇశ్రాయేలీయులను విడుదల చేశాడు' అన్న వాక్యంలో వ్యాకరణదోషం లేదు. కథ మాత్రం తలకిందులైంది: పది తెగుళ్ల తరువాత గాని వదలని రాజు దాతగా కనబడతాడు. 'ఫరో విడిపించాడు' అని మాత్రం ఎవరూ అనరు, భాష ఒప్పుకోదు. అందుకే పిల్లల పాఠంలో క్రియగా విడిపించు నాకు అన్నిటికంటె నచ్చుతుంది. విడుదలను ఫలితం చెప్పే చోట నామవాచకంగా ఉంచండి: 'వారికి విడుదల కలిగింది'.

నిర్గమ 6:6, 7 వచనాలు చూడండి. మూలభాష హెబ్రీలో అక్కడ నాలుగు క్రియలు వరసగా ఉన్నాయి: బయటికి రప్పిస్తాను, తప్పిస్తాను, బంధువు హక్కుతో విడిపిస్తాను, నా ప్రజలుగా తీసుకుంటాను. ఈ విడుదలను తలచుకునే పండుగ పస్కా. యూదులు ఆ పస్కా భోజనంలో తాగే నాలుగు గిన్నెల ద్రాక్షారసాన్ని ఈ నాలుగు మాటలతో ముడిపెట్టి చెబుతారు. మన పాత అనువాదంలో రెండో క్రియా మూడో క్రియా రెండూ 'విడిపించి' అనే వచ్చాయి. మూడోది హెబ్రీలో గాఅల్. సరిగ్గా ఆ క్రియనే 15:13లో 'విమోచించిన' అన్నారు. అంటే తొమ్మిది అధ్యాయాల తేడాలో ఒకే క్రియకు విడిపించు, విమోచించు అని రెండు మాటలు వేశారు. వాటి మధ్య గోడ కట్టడానికి గ్రంథం ఆధారం ఇవ్వదు.

దీన్ని అనువాదకుల పొరపాటనుకోనక్కరలేదు. తెలుగు విడిపించులో వెల ఇచ్చి తెచ్చుకోవడమన్న అర్థం ఎప్పటినుంచో ఉంది. తాకట్టులో ఉన్న నగను విడిపిస్తాం, పొలాన్ని విడిపిస్తాం. అలాంటి చోట 'విడుదల చేశాం' అంటే నవ్వుతారు. లేవీయకాండం 25:25లో అన్న అమ్ముకున్న భూమిని దగ్గరి బంధువు విడిపించుకొనే పద్ధతి ఉంది. 47వ వచనం నుంచి, బీదతనం వల్ల పరదేశికి అమ్ముడుపోయిన మనిషిని అన్నదమ్ములు, పినతండ్రి, అతని కొడుకు విడిపించవచ్చునని ఉంది. అక్కడి క్రియ గాఅల్. ఆ బంధువు గోయేల్. రూతు గ్రంథంలో బోయజు చేసిన పని అదే. యోబు 19:25లో 'నా విమోచకుడు సజీవుడు' అన్న చోటా మూలంలో గోయేల్ అనే ఉంది. నిర్గమ 4:22లో దేవుడు ఇశ్రాయేలును 'నా జ్యేష్ఠపుత్రుడు' అని ముందే చెప్పుకున్నాడు. బంధుత్వం ఉంది కనుక విడిపించే హక్కు ఉంది. ఈ బంధుత్వం చెప్పకుండా విమోచనకు 'రక్షించడం' అని ఒక్క ముక్కలో అర్థం రాస్తే పాఠంలో సగం పోయినట్టే.

వెల గురించి రాసేటప్పుడు తప్పులు ఎక్కువ దొర్లుతాయి. హెబ్రీలో పాదా అనే ఇంకో క్రియ ఉంది, అది మారు ఇచ్చి విడిపించడం. గాడిద తొలిపిల్లకు మారుగా గొర్రెపిల్ల, తొలిచూలు కుమారుడికి అయిదు తులాల వెండి (నిర్గమ 13:13, సంఖ్యా 18:16). మూలంలోని షెకెలు అనే తూకానికి తులము అని వేయడం చక్కటి ఎంపిక. షెకెలు సుమారు పదకొండు గ్రాములకు పైన, మన తులం 11.66 గ్రాములు, దాదాపు సరిపోయాయి. అయితే నిర్గమ కథలో ఫరోకు ఎవరూ ఏమీ చెల్లించలేదు. ఇశ్రాయేలీయులే ఐగుప్తీయుల దగ్గర వెండి బంగారు నగలు, బట్టలు తీసుకుని బయలుదేరారు (12:35, 36). కాబట్టి 'దేవుడు వెల చెల్లించి ఐగుప్తు నుండి కొన్నాడు' అని రాయకండి.

క్రైస్తవ బోధలో వెల మాట కొత్త నిబంధన దగ్గర బలపడుతుంది. మార్కు 10:45లో 'విమోచన క్రయధనము' అని ఉంది. 1 పేతురు 1:18, 19లో వెండి బంగారాలతో కాదు, గొర్రెపిల్లవంటి క్రీస్తు రక్తంతో విమోచింపబడ్డారని ఉంది. ఇక్కడ తెలుగు వ్యాకరణం ఒక ఉచ్చు పన్నుతుంది. 'చెల్లించు' అనగానే మనకు 'ఎవరికి?' అని చతుర్థి కావాలి. ఆ ఖాళీని కొందరు 'సాతానుకు' అని నింపేస్తారు. తొలి శతాబ్దాల సంఘపండితుల్లో ఓరిజెను, నిస్సా గ్రెగొరీ ఆ దారిలోనే ఆలోచించారు. వారిలోనే మరొకడైన నాజియాంజు గ్రెగొరీ తన ఈస్టరు ప్రసంగంలో ఆ ఊహను గట్టిగా కాదన్నాడు. గ్రంథం ఆ ఖాళీని నింపలేదు కనుక మీరూ నింపకండి. 'తన ప్రాణాన్ని క్రయధనంగా ఇచ్చాడు' అంటే వాక్యం నిండుగానే ఉంది.

రక్షణ అన్న మాట అపాయం కళ్లముందున్న చోట వాడాలి. వెనక రథాలు, ముందు సముద్రం. అప్పుడు మోషే 'యెహోవా మీకు నేడు కలుగజేయు రక్షణను' చూడమన్నాడు (నిర్గమ 14:13). సముద్రం దగ్గర రక్షణ, ఇటుకబట్టీ దగ్గర విడిపించడం – ఇలా గుర్తుపెట్టుకుంటే సరిపోతుంది.

విముక్తి తప్పేమీ కాదు, విమోచనతో ఒకే ధాతువు – ముచ్. కాకపోతే విమోచన ఒకరు చేసే పనిని సూచిస్తే, విముక్తి చాలాసార్లు పొందిన స్థితిని సూచిస్తుంది. 'దేవుడు వారిని విముక్తి చేశాడు' అని రాస్తుంటారు, అది పొసగదు. 'విముక్తులను చేశాడు' అనాలి, లేదా 'విముక్తి కలిగించాడు'. చేసినవాడు విమోచకుడు. 'విమోచనుడు' అని అచ్చులో చూస్తున్నాం, ఆ అర్థంలో వాడుకలో లేని రూపం. సంస్కృతంలో విమోచనం నపుంసకం. సంఘాల్లో ప్రార్థన, ఆరాధనల సరసన విమోచన అయింది, అది స్థిరపడిపోయింది. కానీ 'ప్రార్థనామందిరం' చూసి 'విమోచనాదినం' అని దీర్ఘం తీయకండి. ప్రార్థనలో ఆకారం మూలంలోనే ఉంది, విమోచనంలో లేదు.

ఇప్పుడు బానిస, దాస, వెట్టి. నిర్గమ 20:2లో ఐగుప్తును 'దాసుల గృహము' అన్నారు. పాత అనువాదంలో దాసత్వము, దాస్యము రెండూ ఉన్నాయి, గలతీ 5:1లో 'దాస్యమను కాడి' వస్తుంది. అర్థంలో భేదం లేదు. చిక్కు ఎక్కడంటే తెలుగులో దాసుడు గౌరవవాచకం కూడా – రామదాసు, హరిదాసు. పౌలు సైతం తాను యేసుక్రీస్తు దాసుణ్ణని రోమా పత్రిక మొదట్లోనే చెప్పుకున్నాడు. ఈనాటి పిల్లవాడికి దాసుల గృహం అంటే భజనమందిరం గుర్తుకొచ్చినా తప్పు పట్టలేం. అందుకని వచనాన్ని ఉన్నదున్నట్టు ఇచ్చి, వివరణలో బానిసత్వం అనండి.

వెట్టిని మాత్రం వదలకండి. నిర్గమ 1:11లో 'వెట్టిపనులు చేయించు అధికారులు' అని మన అనువాదకులే రాశారు, నా లెక్కలో ఆ పుస్తకంలోకెల్లా కచ్చితమైన మాట అది. ఇశ్రాయేలీయులను సంతలో ఎవరూ అమ్మలేదు. వారికి ఇళ్లున్నాయి, మందలున్నాయి, వారిలోనుంచే పనికి నాయకులున్నారు. రాజు కోసం పీతోము, రామెసేసు అనే ధాన్యం నిలువచేసే పట్టణాలు కట్టాలి. గడ్డి ఇవ్వడం మానేసినా ఇటుకల లెక్క తగ్గకూడదు, తగ్గితే ఆ నాయకులకే దెబ్బలు (5వ అధ్యాయం). దీన్నే తెలంగాణ పల్లెల్లో వెట్టిచాకిరి అన్నారు. దేశమంతటా ఇటువంటి కట్టుబానిస పనిని 1976లో చట్టం చేసి రద్దుచేశారు. పిల్లలకు తాతముత్తాతల మాటగా అందేది ఇదే.

సేవ అన్న మాటను కూడా జాగ్రత్తగా చూడండి. 1:14లో ఫరో మనుషులు చేయించింది 'కఠినసేవ'. మోషే ద్వారా దేవుడు పదేపదే అడిగింది, తనను సేవించడానికి తన జనులను పోనిమ్మని. హెబ్రీలో రెండు చోట్లా ఒకే ధాతువు, అదృష్టవశాత్తు తెలుగులోనూ ఒకే మాట. ఆధునికంగా ఉంటుందని ఒక చోట 'చాకిరి', ఇంకోచోట 'ఆరాధన' అని మారిస్తే ఈ లంకె తెగిపోతుంది. క్రైస్తవ బోధకు ఇది ప్రాణం: యజమాని మారాడు. 'ఇక ఎవరి సేవా లేకుండా స్వేచ్ఛగా బతికారు' అన్న ముగింపు నిర్గమకాండానిది కాదు.

కాలం విషయంలోనూ ఒక హెచ్చరిక. 'ఆజ్ఞలు పాటించినందుకు దేవుడు విడిపించాడు' అని రాసిన పాఠాలున్నాయి. నిర్గమకాండం 12వ అధ్యాయంలో పస్కా గొర్రెపిల్ల, 14లో సముద్రం, 20లో గాని పది ఆజ్ఞలు రావు. అక్కడా మొదటి వాక్యం 'రప్పించితిని' అని భూతకాలంలో ఉంది, 'ఉండకూడదు' అన్న విధి దాని తరువాతే. పౌలు కూడా ఈ వరసనే పట్టుకున్నాడు. క్రీస్తును పస్కా పశువన్నాడు (1 కొరింథీ 5:7), సముద్రం దాటడాన్ని బాప్తిస్మమన్నాడు (10:2). కతోలికుల ఈస్టరు రాత్రి జాగరణలో తక్కిన పాత నిబంధన పఠనాలు తగ్గించినా నిర్గమ 14 మాత్రం తప్పనిసరి. వారి పుస్తకాల్లో పస్కాకు బదులు పాస్క కనబడుతుంది, రెండూ ఒకటే.

విభక్తులను మూలగ్రంథం ఎంత ఆచితూచి వాడిందో గమనించండి: బరువుల క్రిందనుండి, దాసత్వములోనుండి, ఐగుప్తీయుల చేతిలోనుండి. బరువు మీద ఉంటుంది, దాసత్వం చుట్టూ ఉంటుంది, మనిషి చేతిలో పట్టు ఉంటుంది. అన్నిటికీ ఒకే 'నుంచి' వేసి చదును చేయకండి. అలాగే 'విమోచింపబడ్డారు' అన్న కర్మణి ప్రయోగం తప్పు కాదు, సంఘభాషలో పాతుకున్నదే. కానీ పాఠం మొదటి వాక్యంలోనే కర్తను దాచేస్తే పిల్లవాడు 'ఎవరు?' అని అడగాల్సి వస్తుంది. మీ వాక్యాన్ని ఇలా మార్చవచ్చు: 'ఐగుప్తులో వెట్టిపనుల క్రింద నలుగుతున్న ఇశ్రాయేలీయులను, తన ప్రజలు గనుక, దేవుడు ఆ బానిసత్వంలోనుండి విడిపించాడు.' ఆ తరువాత విమోచన అన్న మాట మీకు కావలసినన్నిసార్లు రావచ్చు.

అన్నట్టు, ప్రాచీన జనం గురించి రాసేటప్పుడు ఇశ్రాయేలీయులు, ఐగుప్తు అనే ఉంచండి. ఇప్పటి దేశాలకు ఇజ్రాయెల్, ఈజిప్టు. ఒకే పేరాలో 'ఇజ్రాయెలీలు ఐగుప్తులో' అని కలిపితే మూడున్నర వేల ఏళ్ల నాటి కథలో పాస్‌పోర్టులు కనబడతాయి.