కృష్ణ ఈదబోయే కోడలికి

బిడ్డా,

ఈమధ్య ఒక రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. హలో అనకముందే ఏడుపు. ఎవరికేమైందో అని నా గుండె జారిపోయింది. తీరా చూస్తే సంగతి ఇది: నువ్వు బెజవాడలో కృష్ణ ఈదే పోటీకి పేరిచ్చావట, కిలోమీటరున్నర అట. "నువ్వే చెప్పన్నా, నీ మాటైతే వింటది" అంది. చెప్తాలేమ్మా అన్నాను. ఫోన్ పెట్టేసి అరుగు మీద కూర్చుంటే నవ్వొచ్చింది. మన ఇంటి ఆడపిల్ల ఏరు ఈదుతుందట! నవ్వైతే వచ్చింది గానీ, తెల్లారేదాకా కన్ను మూతపడలేదు.

వద్దని రాయడం లేదు. కానీ ముందు తిట్టాల్సింది తిట్టేస్తాను. పోటీ దాకా వేములపల్లి దగ్గర సాగర్ ఎడమ కాల్వలో ప్రాక్టీస్ చేస్తానన్నావట. కాళ్ళు విరగ్గొడతా. ముప్పై ఏళ్ళు ఆ కాల్వ గట్టు మీద లష్కర్‌గా, అంటే కాల్వ కాపలా చూస్తూ తిరిగినవాణ్ణి, నాకు తెలియదా? నిండుగా వదిలితే 11 వేల క్యూసెక్కులు పారాలని కట్టిన కాల్వ అది. క్యూసెక్కంటే సెకనుకు 28 లీటర్లు. ఇంజనీరింగ్ చదివావు కదా, లెక్క నువ్వే కట్టుకో. గట్టు మీద నుంచి చూస్తే నున్నగా, బుద్ధిమంతురాలిలా పారుతుంటుంది. రెండు పక్కలా సిమెంటు లైనింగ్, దాని మీద వేలెడు పాచి. దిగడానికి ఒక్క అడుగు చాలు, ఎక్కుదామంటే గోరు ఆనే చోటుండదు. పైగా ముందర షట్టర్లు, తూములు. ఈత రానివాళ్ళే కాల్వలో పోతారని జనం అనుకుంటారు. నేను తాడేసి తీసినవాళ్ళలో ఈత వచ్చినవాళ్ళే ఎక్కువ. రానివాడు దిగడు కదా! ఆ ముఖాలు ఇప్పటికీ కలలోకొస్తాయి, అందుకే ఈ కోపం. కాల్వ జోలికి పోనని నాకు ఫోన్‌లో చెప్పు. మెసేజ్ పెడితే కుదరదు, గొంతు వినాలి.

ఇక తిండీ గిండీ నీకు తెలిసిందే. రెండు గంటల ముందు రెండు ఇడ్లీ, కడుపు నిండా వద్దు. మెడకు, చంకలకు వ్యాసలైన్ రాసుకో, ఆ చేతులతో కళ్ళద్దాలు ముట్టకు. అద్దాల పట్టీ టోపీ కిందికి పోనీ, ఎవరి కాలు తగిలినా ఊడదు. పిక్క పట్టేస్తే వెల్లకిలా తిరిగి బొటనవేలు నీ వైపు లాక్కో.

అసలు సంగతి వేరే ఉంది. నువ్వు నేర్చుకున్నది స్విమ్మింగ్ పూల్‌లో, నేను నేర్చుకున్నది మోటబావిలో. రెండూ ఒకటే. నవ్వకు. నా నడుముకు ఎండిన ఆనిగెపుకాయ బుర్ర కట్టి మా నాయన లోపలికి తోసేవాడు. బావి ఈతంటే గుండ్రంగా తిరగడమే. అలిసిపోతే రాళ్ళ సందులో వేలు పెట్టి వేలాడేవాళ్ళం. మీ పూల్‌లోనూ అంతే కదా, నాలుగు దిక్కులా గోడే. 25 మీటర్ల పూల్‌లో కిలోమీటరున్నర అంటే ఇటూ అటూ 60 సార్లు. మధ్యలో 59 సార్లు గోడను తన్ని ముందుకు జారతావు. ఏట్లో ఆ 59 తన్నులు ఎవడిస్తాడు? రేపట్నుంచి గోడ ముట్టకు, మీటరు ముందే తిరిగిపో. నీళ్ళ అడుగున నల్లగీత ఉంటుందట కదా, దాన్ని చూడటం కూడా మానుకో. ఏట్లో కిందికి చూస్తే నీ చెయ్యే నీకు కనబడదు.

ఇది నాకు ఎవరూ చెప్పలేదు. 1981 సంక్రాంతి. నాకప్పుడు ఇరవై ఏళ్ళు. కృష్ణలో మూసీ కలిసే చోట, వాడపల్లిలో, ఇవతలి ఒడ్డు నుంచి అవతల గుంటూరు జిల్లా ఒడ్డుకు పందెం పెట్టుకున్నాం. ఏడుగురం, పందెం ఒక కోడిపుంజు. మా ఊరి బావుల్లో నన్ను మించినవాడు లేడు, ఆ పొగరుతో అందరికంటే ముందు దూకాను. వంద బారలు కూడా పోలేదు, ఊపిరి ఎగదన్నడం మొదలైంది. మొదట్లో పరుగు పెట్టినవాడికి ఎవడికైనా అంతే. సరే, తగ్గించాను. తలెత్తి చూస్తే ఎదురుగా ఉండాల్సిన ఒడ్డు లేదు, ఎగువ కనబడుతోంది. నేను కుడి వైపే ఊపిరి పీల్చేవాణ్ణి, తెలియకుండానే ఎడమకు ఒరిగిపోయేవాణ్ణి. బావిలో ఎటు ఒరిగినా బావిలోనే ఉంటాం కాబట్టి ఆ సంగతి ఇరవై ఏళ్ళు బయటపడలేదు.

అవతలి ఒడ్డున మా దోస్తు ఎర్ర తువ్వాల ఊపుతున్నాడు. దానికే గురి పెట్టాను. అప్పటికే మధ్య ఏటికొచ్చాను, అక్కడ వడి ఎక్కువ. నీళ్ళు నన్ను దిగువకు తీసుకుపోతున్నాయి, నేను తువ్వాల కోసం ఎగువకు బారలేస్తున్నాను. పక్కన ఒక బండ, దాని మీద నీటికాకి రెక్కలు ఆరబెట్టుకుంటోంది. ఎన్ని బారలేసినా ఆ బండ అక్కడే, ఆ కాకీ అక్కడే. పుట్టిలో ఉన్న బెస్తాయన దగ్గరికొచ్చి "చెయ్యి లేపు పిలగా, పట్టుకుంట" అన్నాడు. అక్కర్లేదన్నాను. ఎట్లా లేపుతాను? ఊరంతా ఒడ్డున నిలబడి ఉంది. పదిహేనేళ్ళ మీ అమ్మ నా చొక్కా, చెప్పులు పట్టుకుని ముందు వరసలో ఉంది. ఆయన తిట్టుకుంటూ ఇంకొకడి వైపు పోయాడు.

ఆ తర్వాత నీళ్ళు మింగాను. పిక్క పట్టేసింది. రెండుసార్లు మునిగాను. మూడోసారి తేలినప్పుడు ఇక ఒంట్లో శక్తి లేదు, చేతులు వదిలేశాను. వెల్లకిలా పడి ఉంటే ఏరు నన్ను మెల్లగా తిప్పి, ఫర్లాంగు దిగువన ఇసుక తిన్నె మీదికి తెచ్చి పెట్టింది. అంతసేపు నేను కొట్లాడింది ఆ నీళ్ళతోనే! ముందే వాటితో ఏటవాలుగా పోయి ఉంటే కోడిపుంజు నాదే. పుట్టాయన వచ్చి నా వీపు మీద ఒక్కటి చరిచి "బావిలోనే ఉండు, ఏటికి రాకు" అని పోయాడు. ఊళ్ళో మాత్రం, కావాలనే దిగువన దిగానని చెప్పుకున్నాను. చాలా ఏళ్ళు చెప్పుకున్నాను.

నీకు చెప్పాల్సింది ఇంకొకటుంది. ఆ సంక్రాంతికి ముందు తనకూ ఈత నేర్పమని మీ అమ్మ నా వెంట పడేది. ఆడపిల్లలు బావిలో దిగితే మా అమ్మ ఊరుకోదు, అయినా తెల్లవారుజామున ఎవరూ లేనప్పుడు నేర్పుతానని మాటిచ్చాను. సంక్రాంతి తర్వాత అది మళ్ళీ అడగలేదు. నేను మునగడం రెండుసార్లూ ఒడ్డు మీద నుంచి చూసింది. 2016 పుష్కరాల్లో కూడా మెట్టు మీద కూర్చుని చెంబుతో పోసుకుంది గానీ నీళ్ళలో కాలు పెట్టలేదు. నువ్వు అమ్మను పిరికిది అంటుంటావు కదా, ఆ భయం పెట్టింది నేను. కాబట్టి దాన్ని ఏమీ అనకు.

బెజవాడలో మీరు ఈదేది ప్రకాశం బ్యారేజీ పైవైపు అన్నావు. ఆ 70 గేట్లూ మూసి ఉంటే నీళ్ళు చెరువులా నిలబడతాయి, వాడపల్లి వడి ఉండదు. అయినా గాలి లేస్తే అలలుంటాయి, ముఖానికి కొడతాయి. రెండు వైపులా ఊపిరి పీల్చడం ఇప్పుడే అలవాటు చేసుకో. ముందురోజు సాయంత్రం గట్టు మీద నిలబడి, చేరాల్సిన చోటికి వెనకాల ఎత్తుగా ఏముందో చూసుకో: టవరో, చెట్టో, మేడో. ఏడెనిమిది బారలకొకసారి మొసలిలా కళ్ళు మాత్రం పైకి తేల్చి అది ఎక్కడుందో చూడు. తల మొత్తం లేపితే కాళ్ళు మునుగుతాయి. ముందున్నవాళ్ళ వెంట గుడ్డిగా పోకు, వాళ్ళూ నాలాంటివాళ్ళే అయి ఉండొచ్చు. మొదలుపెట్టేటప్పుడు ఒక పక్కన, వెనక నిలబడు. నడిమధ్యన దూకితే తన్నులు తప్ప ఏమీ దక్కదు.

పడవవాళ్ళను ముందే అడుగు: చెయ్యెత్తితే పోటీలోంచి తీసేస్తారా, పడవ పట్టుకుని కాసేపు ఊపిరి తీసుకోనిస్తారా అని. తీసేస్తామంటే తీసేయనీ. నాకు నీ ఈత మీద భయం లేదు, నీ మొండితనం మీదే ఉంది. అది మా ఇంటి నుంచే వచ్చింది. ఊపిరి అందకపోతే వెల్లకిలా తిరిగి ఆకాశం చూస్తూ ఇరవై లెక్కపెట్టు. అప్పటికీ సర్దుకోకపోతే చెయ్యెత్తు. ఒడ్డున ఎవరున్నారు, ఎవరు ఫోటో తీస్తున్నారు అని చూడకు. ముఖ్యంగా మమ్మల్ని చూడకు.

అవును, మేం వస్తున్నాం. మీ అమ్మను ఒప్పించడానికి మూడు రోజులు పట్టింది. హైదరాబాద్ గోలి శ్యామల గారి సంగతి చెప్పాను. నలభై దాటాక ఈత నేర్చుకుని, 2021లో శ్రీలంక నుంచి ధనుష్కోటి దాకా సముద్రం ఈదిన మనిషి. "ఆమెకూ ఒక తల్లి ఉంటది కదా, ఆ తల్లి ఎట్ల తట్టుకుందో" అంది మీ అమ్మ. నా దగ్గర జవాబు లేదు. నిన్న మళ్ళీ తనే ఫోన్ చేసి, ఎన్ని గంటలకు బయల్దేరాలి అని అడిగింది. ఎర్ర తువ్వాల మాత్రం తీసుకురావద్దని గట్టిగా చెప్పింది.

ముందురోజు మధ్యాహ్నానికి మిర్యాలగూడలో బస్సెక్కుతాం. మీ అమ్మ సర్వపిండి చేసి డబ్బాలో పెడతానంటోంది. ఒడ్డుకు వచ్చాకే తిను, ముందు రాత్రి ఆ డబ్బా నా సంచిలోనే ఉంటుంది.

మీ మామ

కాల్వ సంగతి ఫోన్ చేసి చెప్పమన్నాను, మరిచిపోకు.