మీటియర్ 350 ముందు ఫోర్క్ కుంగిపోతోంది: ఆయిల్ మార్చాలా, స్ప్రింగులు మార్చాలా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: గుంటూరు నుంచి విజయవాడకు రోజూ రాయల్ ఎన్‌ఫీల్డ్ మీటియర్ 350 మీద వెళ్లొస్తారు. మీ బరువు 96 కిలోలు, ఆదివారాలు వెనక మీ ఆవిడ కూడా ఉంటారు. బ్రేక్ పట్టగానే బండి ముందు భాగం బాగా కుంగిపోతోంది, స్పీడ్ బ్రేకర్ దిగేటప్పుడు ఠక్‌మని చప్పుడు వస్తోంది, ఫ్లైఓవర్ జాయింట్ల మీద మణికట్లకు దెబ్బ తగులుతోంది. ఒక మెకానిక్ చిక్కటి ఫోర్క్ ఆయిల్ పోస్తే చాలన్నారు, ఇంకొకరు స్ప్రింగులే మార్చాలన్నారు.

నాదీ మీటియరేనండి. బరువులోనూ మీకు దగ్గరే, తిరిగేదీ అదే హైవే. అందుకే సూటిగా చెప్తాను. బరువు మోయడం స్ప్రింగ్ పని. కుంగిన ఫోర్క్ ఎంత వేగంగా కదలాలో, ఎంత వేగంగా తిరిగి లేవాలో చూసుకోవడం ఆయిల్ పని. స్ప్రింగ్ చేయాల్సిన పనిని ఆయిల్‌తో చేయించబోతే మీరు చెప్పిన మూడో ఇబ్బంది, అంటే జాయింట్ల మీద తగిలే దెబ్బ, ఇంకా పెరుగుతుంది.

ఎందుకో చెప్తాను, ఇది అర్థమైతే మిగతావన్నీ మీరే తేల్చుకోగలరు. ఫోర్క్ అంటే ముందు చక్రాన్ని రెండు వైపులా పట్టుకుని, లోపల స్ప్రింగ్, ఆయిల్ ఉండే గొట్టాల జత. మన బండిలో ఉన్నది 41 మిల్లీమీటర్ల మామూలు టెలిస్కోపిక్ ఫోర్క్, అంటే ఒక గొట్టం ఇంకో గొట్టంలోకి జారే రకం, కదలిక 130 మిల్లీమీటర్లు. ఇలాంటి ఫోర్కుల్లో లోపల ఒక రాడ్, దానికి చిన్న చిన్న రంధ్రాలు ఉంటాయి. ఫోర్క్ కదిలినప్పుడల్లా ఆయిల్ ఆ రంధ్రాల గుండా దూరాలి. సిరంజిని నెమ్మదిగా నొక్కితే మందు హాయిగా బయటికి వస్తుంది, ఒక్కసారిగా నొక్కితే బిగుసుకుపోతుంది కదా, ఇక్కడా అంతే. బ్రేక్ పట్టినప్పుడు ఫోర్క్ కుంగేది నెమ్మదిగానే. అప్పుడు ఆయిల్ పెద్దగా అడ్డుపడదు. కానీ వారధి మీదో బెంజ్ సర్కిల్ ఫ్లైఓవర్ మీదో జాయింట్ తగిలినప్పుడు చక్రం చాలా వేగంగా పైకి కొట్టుకుంటుంది. అంత వేగానికి ఆయిల్ దూరలేక ఫోర్క్ గట్టిబడుతుంది, ఆ దెబ్బ నేరుగా హ్యాండిల్‌కి వస్తుంది. చిక్కటి ఆయిల్ పోశారంటే బ్రేక్ దగ్గర కుంగడం కొద్దిగా నెమ్మదిస్తుంది, అంతే. చివరికి కుంగే లోతు ఇంచుమించు అదే. జాయింట్ల దగ్గర మాత్రం బండి కర్రలా తయారవుతుంది.

కాబట్టి కుంగడానికి మందు స్ప్రింగ్‌లోనే ఉంది. అలాగని వెంటనే స్ప్రింగులు ఆర్డర్ పెట్టొద్దు. ముందు చూడాల్సినవి కొన్ని ఉన్నాయి.

మొదట ఆ ఠక్‌మనే చప్పుడు ఎక్కడిదో తేల్చండి. బండి నిలబెట్టి ముందు బ్రేక్ గట్టిగా పట్టుకుని హ్యాండిల్‌ని ముందుకూ వెనక్కూ ఊపండి, ఇంకొకరిని కోన్ సెట్ దగ్గర, అంటే హ్యాండిల్ తిరగడానికి వీలుగా ఉండే బేరింగుల దగ్గర, చెయ్యి పెట్టమనండి. అక్కడ కదలిక తెలిస్తే మీ చప్పుడు ఫోర్క్‌ది కాదు, కోన్ సెట్ వదులైంది. ముందు చక్రం గాల్లోకి లేపి హ్యాండిల్ ఆ చివర నుంచి ఈ చివరకు మెల్లగా తిప్పితే మధ్యలో ఎక్కడైనా చిక్కుకున్నట్టు ఆగుతోందేమో కూడా చూడండి. ఆగుతుంటే బేరింగ్ గాడిపడిందన్నమాట, దాన్ని బిగిస్తే పోదు, మార్చాలి. ఫోర్క్ పైపుల మీద ఆయిల్ తడి ఉంటే సీల్, అంటే ఆయిల్ బయటికి రాకుండా ఆపే రబ్బరు రింగు, పోయింది. ఒక వైపు ఆయిల్ కారిపోయిన ఫోర్క్‌కి ఎంత మంచి స్ప్రింగ్ వేసినా ఉపయోగం లేదు. గాలి కూడా చూడండి, ఎండాకాలంలో మధ్యాహ్నం వేడెక్కిన టైరులో కాకుండా పొద్దున్నే చల్లటి టైరులో.

ఇక అసలు కొలత. దీన్ని సాగ్ అంటారు, బరువుకి ఫోర్క్ ఎంత దిగిందన్న లెక్క. టేపు, ఇద్దరు స్నేహితులు ఉంటే చాలు. ముందు చక్రం గాల్లో ఉన్నప్పుడు డస్ట్ సీల్ (దుమ్ము లోపలికి పోకుండా పైపు చుట్టూ ఉండే రబ్బరు) నుంచి కింది క్లాంప్ (పైపుల్ని బిగించి పట్టుకునే పట్టీ) వరకు బయటికి కనిపించే పైపు పొడవు కొలవండి. తర్వాత మీరు హెల్మెట్, బ్యాగ్ సహా రోజూ వెళ్లినట్టే ఎక్కి, రెండు కాళ్లూ ఫుట్‌రెస్టుల మీద పెట్టి కూర్చోండి. ఒకరు బండి పట్టుకోవాలి, ఇంకొకరు కొలవాలి. ముందు భాగాన్ని కిందికి నొక్కి మెల్లగా లేవనిచ్చి ఒకసారి, పైకెత్తి మెల్లగా దిగనిచ్చి ఇంకోసారి కొలవండి. రెండూ సమానంగా రావు, లోపలి రాపిడి వల్ల తేడా ఉంటుంది. ఆ రెండింటి సగటును మొదటి కొలతలోంచి తీసేస్తే వచ్చేదే మీ సాగ్. రోడ్డు బండికి మొత్తం కదలికలో పాతిక నుంచి ముప్పై శాతం ఉంటే బాగున్నట్టు. మన 130లో అది 33 నుంచి 39 మిల్లీమీటర్లు. మనిషి లేకుండా బండి ఒక్కటే ఎంత దిగుతుందో కూడా రాసిపెట్టుకోండి, అది తర్వాత పనికొస్తుంది.

నా బండిలో నేను ఎక్కినప్పటి సాగ్ 50 మిల్లీమీటర్లు దాటింది. అంటే నేను ఎక్కి కూర్చోగానే మూడో వంతు కంటే ఎక్కువ అయిపోతోంది. ఆ మిగిలిన దానిలోనే బ్రేక్, గుంత, స్పీడ్ బ్రేకర్ అన్నీ సర్దుకోవాలి.

నేను మొదట స్ప్రింగ్ పైన ఉండే స్పేసర్ అనే చిన్న గొట్టం పొడవు కొంచెం పెంచి చూశాను. ఇది చవకైన పని, చాలామంది మెకానిక్‌లు చేస్తారు. సాగ్ లెక్కలోకి వచ్చేసింది, బండి ఎత్తు కూడా బాగుంది. కానీ బ్రేక్ పట్టినప్పుడు కుంగే వేగంలో, బరువుకి లొంగే తీరులో తేడా లేదు. కారణం ఒక్కటే: ప్రీలోడ్, అంటే స్ప్రింగ్‌ని ముందే కొంత నొక్కి ఉంచడం, పెంచితే స్ప్రింగ్ గట్టిపడదు. అది కుంగడం మొదలుపెట్టే చోటు మాత్రమే మారుతుంది. మీటియర్ లాంటి బండి గురించి మాట్లాడేటప్పుడు ఎక్కువమంది తడబడేది ఈ ఒక్క విషయం దగ్గరే, అందుకే ఇంత నొక్కి చెప్తున్నాను. మీ సాగ్‌ని సరిగ్గా తేవడానికి చాలా ప్రీలోడ్ పెట్టాల్సి వచ్చి, బండి ఒక్కటే ఉన్నప్పుడు ఫోర్క్ అసలు దిగకుండా బిర్రబిగుసుకుని నిలబడితే, మీ బరువుకి ఆ స్ప్రింగ్ మెత్తనన్నట్టే. ఇంక సందేహం అక్కర్లేదు, స్ప్రింగులు మార్చాల్సిందే.

స్ప్రింగుల్లో రెండు రకాలు. లీనియర్ అంటే మొదటి నుంచి చివరి దాకా ఒకే గట్టిదనం. ప్రోగ్రెసివ్ అంటే చుట్లు ఒక వైపు దగ్గరగా, ఒక వైపు దూరంగా ఉంటాయి. మొదట మెత్తగా మొదలై కుంగేకొద్దీ గట్టిపడుతుంది. రోజూ ఒక్కరే వెళ్లి ఆదివారం ఇద్దరు వెళ్లే మీలాంటి వాళ్లకు ప్రోగ్రెసివ్ బాగా కుదురుతుందని నా అభిప్రాయం. ట్రాక్ మీద తిరిగేవాళ్లు లీనియరే మేలంటారు, ఎక్కడ ఎంత కుంగుతుందో లెక్క తేలిగ్గా తెలుస్తుంది కాబట్టి. మంగళగిరి దగ్గర లారీల మధ్య, కరకట్ట మీద స్పీడ్ బ్రేకర్ల మధ్య తిరిగే మనకు ఆ లెక్క కంటే మొదట్లో మెత్తదనం, చివర్లో ఆధారం ముఖ్యం. థాయిలాండ్ కంపెనీ వైఎస్ఎస్, నెదర్లాండ్స్‌కి చెందిన హైపర్‌ప్రో లాంటివాళ్లు ఇలాంటి కిట్లు చేస్తారు. మీ మోడల్‌కి, మీ తయారీ సంవత్సరానికి సరిపోయేదేనా అని అడిగి తీసుకోండి. వారంటీ ఇంకా ఉంటే షోరూమ్‌లో ముందే ఒక మాట అడగడం మంచిది. దగ్గరి చుట్లు పైకి పెట్టాలా కిందికి పెట్టాలా అని మెకానిక్‌ల దగ్గర పెద్ద చర్చే నడుస్తుంది. గట్టిదనంలో తేడా రాదు, కిట్‌తో వచ్చిన కాగితంలో ఎలా ఉంటే అలా పెట్టించండి.

స్ప్రింగ్ గట్టిదైతే తిరిగి లేచేటప్పుడు తోపు కూడా ఎక్కువే. ఆయిల్ పాతదై నీళ్లలా ఉంటే బండి స్పీడ్ బ్రేకర్ దాటాక ఎగిరెగిరి పడుతుంది. కాబట్టి స్ప్రింగులతో పాటు ఆయిల్ తప్పకుండా మార్చాలి. కిట్‌తో సిఫార్సు చేసిన ఆయిల్ ఉంటే అదే పోయండి. డబ్బా మీద 10 డబ్ల్యూ, 15 డబ్ల్యూ అని ఉండే అంకెలు ఒక కంపెనీకీ ఇంకో కంపెనీకీ సమానం కావు. నిజంగా చిక్కదనం పోల్చాలంటే 40 డిగ్రీల దగ్గర సెంటిస్టోక్ విలువ చూడాలి. ఆయిల్ పరిమాణం కూడా మిల్లీలీటర్లలో కొలిచి పోసి వదిలేయకుండా, స్ప్రింగ్ తీసి ఫోర్క్ పూర్తిగా నొక్కి పై అంచు నుంచి ఆయిల్ వరకు ఎంత ఖాళీ ఉందో రెండు వైపులా సమానంగా కొలవమనండి. ఆ ఖాళీలో ఉన్న గాలి కూడా చివర్లో స్ప్రింగ్‌లా పనిచేస్తుంది. ఆయిల్ ఎక్కువ పోస్తే గాలికి చోటు తగ్గి చివర్లో మరీ బిగుసుకుంటుంది, సీళ్లు తన్నుకుని బయటికి రావచ్చు.

పని ఆటోనగర్‌లో చేయించినా మీ వీధి చివర చేయించినా మీరు పక్కన ఉండండి. ఫోర్క్ పైన ఉండే మూత కింద స్ప్రింగ్ నొక్కుకుని ఉంటుంది. చక్రం నేల మీద ఉండగా, ముఖం దాని మీదికి వంచి విప్పితే ప్రమాదం. ముందు చక్రం గాల్లో ఉండాలి, పై క్లాంప్ బోల్టు వదులు చేశాకే మూతని కదపాలి, చివరి మరలు చేత్తో అదిమి పట్టుకుని తిప్పాలి. విప్పేముందు ఫోర్క్ పైపు పై క్లాంప్ మీదికి ఎంత ఎత్తు వచ్చిందో గుర్తు పెట్టించండి, బిగించేటప్పుడు రెండూ అంతే ఉండాలి. బ్రేక్ క్యాలిపర్‌ని (డిస్క్‌ని నొక్కి పట్టే భాగం) దాని బ్రేక్ గొట్టానికి వేలాడదీయనివ్వొద్దు, తాడుతో కట్టించండి. ఏబీఎస్ వైరు లాగకూడదు. క్యాలిపర్ బయట ఉన్నంతసేపు ఎవరూ బ్రేక్ లివర్ నొక్కకూడదు. అన్నీ బిగించేటప్పుడు యాక్సిల్ పించ్ బోల్టు, అంటే చక్రం ఇరుసుని ఫోర్క్ అడుగున అదిమి పట్టే బోల్టు, చివర్లో. దానికి ముందు బండిని దించి ముందు భాగాన్ని రెండు మూడుసార్లు నొక్కి వదిలితే ఫోర్కులు రెండూ వాటి సహజమైన స్థానంలో కుదురుకుంటాయి. ఇది చేయకుండా బిగిస్తే కొత్త స్ప్రింగులు కూడా పట్టేసినట్టు కదులుతాయి. ఫోర్క్ ఎలాగూ విప్పారు కాబట్టి ఆయిల్ సీల్, డస్ట్ సీల్ కొత్తవి వేయించండి, వాటి ఖర్చు కిట్ ధర ముందు లెక్కలోది కాదు.

వెనక షాకులు మర్చిపోకండి. మన బండిలో వాటికి ఆరు మెట్ల ప్రీలోడ్ ఉంది, సి స్పానర్‌తో తిప్పుకోవచ్చు. వెనక ఎక్కినవారి బరువు ఎక్కువగా వెనక చక్రం మీదే పడుతుంది. అక్కడ దిగిపోతే ముందు భాగం తేలికపడి, లారీ దాటేటప్పుడు గాలికి హ్యాండిల్ నిలకడ తప్పుతుంది. మీ ఆవిడ ఎక్కినప్పుడు మెట్లు పెంచి, మర్నాడు ఒంటరిగా వెళ్లేటప్పుడు తగ్గించండి.

నా బండికి స్ప్రింగులు, ఆయిల్, సీళ్లు మారాక ప్రకాశం బ్యారేజీ నుంచి ఉండవల్లి మీదుగా అమరావతి వైపు వెళ్లి చూశాను. బ్రేక్ దగ్గర కుంగడం బాగా తగ్గింది, పూర్తిగా పోలేదు, పోకూడదు కూడా. ముందు చక్రం మీదికి బరువు వస్తేనే టైరు రోడ్డుని పట్టుకుంటుంది. జాయింట్ల దెబ్బ కూడా తగ్గింది. ఇదే నన్ను ఎక్కువ సంతోషపెట్టింది, ఎందుకంటే స్ప్రింగ్ గట్టిదైతే బండి మరీ గట్టిగా ఉంటుందని మావాళ్లందరూ భయపెట్టారు. ఇంతకుముందు దిగిపోయి ఉన్న ఫోర్క్ ఇప్పుడు మధ్యలో పనిచేస్తోంది కాబట్టి దెబ్బ తీసుకోవడానికి చోటు దొరికింది. మొదటి కొద్ది రోజులు మలుపుల్లో బండి కొంచెం బద్ధకంగా తిరిగినట్టు అనిపించింది, ముందు ఎత్తు పెరగడం వల్ల. అది అలవాటైంది.

మీరూ మార్పించాక ఫోర్క్ పైపు చుట్టూ ఒక జిప్ టై కట్టి, డస్ట్ సీల్‌కి ఆనించి వెళ్లి రండి. ఎంత లోతు దాకా జరిగిందో కనిపిస్తుంది. మామూలు రోజుల్లో అది కదలిక చివరి దాకా వెళ్లకూడదు, గట్టి బ్రేక్, పెద్ద గుంత తగిలిన రోజు ఆ చివరికి దగ్గరగా వెళ్లాలి. ఎప్పుడూ సగం కూడా జరగకపోతే స్ప్రింగ్ మీకు మరీ గట్టిది.

ఈ ఆదివారం సాగ్ కొలిచి మూడు అంకెలూ ఇక్కడే రాయండి: చక్రం గాల్లో, బండి ఒక్కటే, మీరు ఎక్కినప్పుడు. కోన్ సెట్ ఎలా ఉందో కూడా చెప్పండి. అవి చూసి స్పేసర్‌తో సరిపోతుందా, కిట్ కొనాలా నేను చెప్తాను.