టెక్ సందేహాలు: లైటు కింద వాలిన మాత్ పేరేంటి?

ప్రశ్న: మాది విశాఖ ఎంవీపీ కాలనీ. ఈ ఎండాకాలం పెరట్లో లైటు వేస్తే చాలు, రకరకాల మాత్‌లు (రాత్రిపూట తిరిగే, సీతాకోకచిలుకల్లాంటి పురుగులు) వచ్చి గోడ మీద వాలుతున్నాయి. ఆరో తరగతి చదివే మా అబ్బాయి వాటిని గాజు సీసాలో పట్టి, ఫొటో తీసి నాకు వాట్సాప్ చేస్తాడు. నేను గూగుల్ లెన్స్‌లో వెతుకుతాను. మొన్న ఆకుపచ్చ మచ్చలు, గులాబీ చారలు ఉన్న పెద్దది దొరికితే ‘పండోరా స్ఫింక్స్’ అని చూపించింది. అది అమెరికాలో ఉంటుందట! సరిగ్గా చెప్పే యాప్ ఏదైనా ఉందా?

జవాబు: అమెరికా నుంచి ఎంవీపీ కాలనీకి రాలేదు లెండి. మీరు చెప్పిన రంగుల్ని బట్టి అది ఒలియాండర్ హాక్‌మాత్ అయ్యుండాలి. శాస్త్రీయ నామం డాఫ్నిస్ నేరీ. పెరట్లో గన్నేరో నందివర్ధనమో ఉంటే ఆకుల మధ్య వెతకండి. దీని గొంగళిపురుగు పచ్చగా, వేలంత లావుగా ఉంటుంది. తల వెనక రెండు నీలి మచ్చలు అచ్చం కళ్లలా కనిపిస్తాయి. అది దొరికితే అనుమానం దాదాపు తీరినట్టే.

లెన్స్ ప్రధానంగా నెట్‌లోని బొమ్మలతో పోల్చి చెబుతుంది. కానీ పురుగుల విషయంలో ఊరు ముఖ్యం. మొక్కలు, జీవుల ఫొటో పెడితే పేరు సూచించే ఐనాచురలిస్ట్ యాప్, ఆ ఫొటో ఎక్కడ తీశారో కూడా లెక్కలోకి తీసుకుంటుంది. మీకు వాట్సాప్ దగ్గరే దెబ్బ పడుతోంది. మామూలుగా పంపిన ఫొటోలో లొకేషన్, తీసిన టైము వివరాలు ఎగిరిపోతాయి. ఫొటో సైజు తగ్గి రెక్కల మీది సన్న గీతలు అలుక్కుపోతాయి. కెమెరా సెట్టింగ్స్‌లో లొకేషన్ ఆన్ చేసి, ఒరిజినల్ ఫొటోనే వాడండి. పంపక తప్పకపోతే ‘డాక్యుమెంట్’గా పంపమనండి.

గాజు సీసా కూడా వద్దు, ఫ్లాష్ వేస్తే మెరుపు తప్ప పురుగు కనపడదు. మూతకి చిన్న చిల్లులున్న డబ్బాలో పెట్టి, ఫ్రిజ్ కింది అరలో ఓ పది నిమిషాలు ఉంచితే కదలకుండా కూర్చుంటుంది. అప్పుడు తెల్ల కాగితం మీదకి దింపి, ఫ్లాష్‌కి టిష్యూ పేపరు అడ్డుపెట్టి, అడుగు దూరం నుంచి 2ఎక్స్ జూమ్‌లో తీయండి. పైనుంచి ఒకటి, మీసాలు కనిపించేలా పక్కనుంచి ఒకటి. పనయ్యాక చెట్ల గుబురులో వదిలేయండి. గోడ మీద వదిలితే తెల్లారేసరికి పిట్టల పాలే.

యాప్ చెప్పిన మొదటి పేరునే ఖాయం చేసుకోకండి. ఐనాచురలిస్ట్‌లో ఇతరులు కూడా పేరు సూచిస్తారు. వాళ్లలో మూడింట రెండొంతులకు పైగా ఒకే జాతి పేరు చెబితేనే ‘రీసెర్చ్ గ్రేడ్’, అంటే నమ్మదగిన గుర్తింపు అన్న ముద్ర వస్తుంది. చిన్న చిన్న గోధుమరంగు వాటికైతే జాతి దాకా వెళ్లకుండా కుటుంబం (దగ్గరి జాతులన్నీ కలిసిన గుంపు) పేరు తెలిసినా సంతోషించాల్సిందే. ఫొటో చూసి అంతకు మించి చెప్పడం నిపుణులకే కష్టం. మన దేశపు వాటిని పోల్చుకోవడానికి మాత్స్ ఆఫ్ ఇండియా వెబ్‌సైట్ బాగుంటుంది. అన్నట్టు, ఐనాచురలిస్ట్‌లో ఖాతాకి 13 ఏళ్లు నిండాలి. అబ్బాయికి అదే సంస్థ తెచ్చిన సీక్ యాప్ ఇవ్వండి. దానికి ఖాతాతో పనిలేదు.

ప్రశ్న: ఐనాచురలిస్ట్‌లో ఫొటో పెడితే మా ఇల్లు మ్యాపులో అందరికీ కనిపిస్తుందేమోనని టెన్షన్.

జవాబు: అప్‌లోడ్ చేసేటప్పుడు జియోప్రైవసీలో ‘అబ్‌స్క్యూర్డ్’ ఎంచుకోండి. అసలు చోటు బదులు సుమారు 20 కిలోమీటర్ల గడిలో ఎక్కడో ఒక చుక్క చూపిస్తుంది.

ప్రశ్న: మాది మధురవాడ. వరండాలో ఎల్ఈడీ బల్బుకి మాత్‌లు పెద్దగా రావట్లేదు. ఏ లైటు కొనాలి?

జవాబు: ఇళ్లలో వాడే ఎల్ఈడీల్లో అతినీల (యూవీ) కాంతి దాదాపు ఉండదు, మాత్‌లని లాగేది ముఖ్యంగా అదే. 365 లేదా 395 నానోమీటర్లని రాసున్న యూవీ ఎల్ఈడీ తీసుకుని, తెల్ల దుప్పటి మీద పడేలా పెట్టండి. లైటు వైపు నేరుగా చూడొద్దు, పిల్లల్ని అస్సలు చూడనివ్వద్దు. వెన్నెల లేని, గాలి తక్కువగా ఉన్న ఉక్కపోత రాత్రయితే ఇంకా మంచిది. దగ్గరే కదా అని కంబాలకొండలో మాత్రం దుప్పటి కట్టకండి. అది అభయారణ్యం, అటవీశాఖ అనుమతి కావాలి.