పెళ్లి ఆగస్టులో, కీమో ఎప్పుడు?

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. నా వయసు 49. భీమవరంలో జాకెట్లు కుట్టే షాపు నడుపుతున్నాను. జూన్ 2న ఎడమ రొమ్ముకు ఆపరేషన్ చేసి మొత్తం తీసేశారు. గడ్డ 3.2 సెంటీమీటర్లు. చంకలో 14 బిళ్లలు తీస్తే రెండింటిలో క్యాన్సర్ ఉందని ముక్క పరీక్షలో వచ్చింది. హార్మోన్ల పరీక్షలు ఈఆర్, పీఆర్ నెగెటివ్ అట. హెర్2 అనే ప్రొటీన్ పరీక్ష దగ్గర 2+ అని రాసి, అది ఎటో తేల్చడానికి ఫిష్ టెస్టు చేయించమన్నారు. డ్రెయిన్ పైపు పన్నెండో రోజున తీశారు గానీ చంక కింద మళ్లీ నీరు చేరింది. షుగరుంది, మొన్న తిన్నాక చూస్తే 260. సర్జన్ గారు ‘గాయం మానాక కీమో డాక్టర్ని కలవండి’ అన్నారు. ఎన్నాళ్లకో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు. మా అమ్మాయి పెళ్లి ఆగస్టు 13న. లగ్నపత్రిక కూడా రాసుకున్నాం. ఒంట్లో రక్తం పట్టనిచ్చి మూడు నెలలాగి మొదలుపెట్టుకోమని మా బావగారు అంటున్నారు. మా అత్తగారేమో ఆషాఢంలో వద్దంటున్నారు. నాకు మాత్రం గుండుతో పీటల మీద కూర్చోవాలంటే ప్రాణం ఒప్పడం లేదు. పెళ్లి అయిపోయాక మొదలుపెడితే ఏమైనా ప్రమాదమా?

– ఒక పాఠకురాలు, భీమవరం

జవాబు: అమ్మా, మీ ఉత్తరం నాకు జూన్ 24న అందింది. ఈ పేజీ అచ్చయ్యేసరికి ఆగస్టు వచ్చేస్తుంది. అప్పటిదాకా ఆగే ప్రశ్న కాదిది. ఉత్తరం అడుగున ఫోన్ నంబరు రాశారు కాబట్టి ఆ సాయంత్రమే మీతో మాట్లాడాను. మనం అనుకున్నదంతా ఇక్కడ రాయడానికి మీరు ఒప్పుకున్నారు. ‘గాయం మానాక’ అన్న ఒక్క మాట పట్టుకుని ఇంట్లో కూర్చున్నవాళ్లు మీ ఒక్కరే కాదు.

కీమో లెక్క గాయం మానిన రోజు నుంచి కాదు, ఆపరేషన్ రోజు నుంచి. నా దగ్గరికి వచ్చే ప్రతి ఫైలు అట్ట మీద ఆపరేషన్ తేదీ, దాని పక్కన 42 రోజుల తర్వాతి తేదీ ఎర్ర స్కెచ్ పెన్నుతో రాస్తాను. మామూలుగా నాలుగో వారానికీ ఆరో వారానికీ మధ్య మొదటి సైకిల్, అంటే మొదటిసారి మందు, పడాలి. గాయం బాగుంటే మూడో వారం చివర్లో ఇచ్చినా ఇబ్బంది లేదు. మీకు జూన్ 30కి నాలుగు వారాలు, జూలై 14కి ఆరు వారాలు.

పెళ్లయ్యాక అంటున్నారు. పెళ్లయ్యాక అంటే మర్నాడు కాదు కదా. వ్రతం ఉంటుంది, అమ్మాయిని అత్తారింట్లో దిగబెట్టి రావాలి, ఆ తర్వాత పదహారు రోజుల పండగ. అవన్నీ అయ్యేసరికి ఆగస్టు 29. వేళ్ల మీద లెక్కపెట్టాను, ఆపరేషన్‌కి 88వ రోజు. మీ బావగారి మూడు నెలలైతే 92వ రోజు.

ఇప్పుడో లెక్క చెబుతాను. అమెరికాలోని కాలిఫోర్నియాలో దాదాపు 25 వేల మంది రొమ్ము క్యాన్సర్ రోగుల వివరాలు తీసి 2016లో ఒక అధ్యయనం వేశారు. నెలలోపు మొదలుపెట్టినవాళ్లకీ, రెండో నెలలోనో మూడో నెలలోనో మొదలుపెట్టినవాళ్లకీ పెద్ద తేడా కనబడలేదు. 91వ రోజు, ఆ తర్వాత మొదలుపెట్టినవాళ్లలో మాత్రం మరణాల ముప్పు మూడో వంతు ఎక్కువగా ఉంది. ఈఆర్, పీఆర్, హెర్2 మూడూ నెగెటివ్ ఉన్నవాళ్లలో సగం ఎక్కువ. ‘అయితే 90 రోజుల దాకా ఆగొచ్చన్నమాట’ అని ఫోన్‌లో మీవారు వెనకనుంచి అన్నది నాకు వినబడింది. ఆగొచ్చని కాదు. హ్యూస్టన్‌లోని ఎం.డి. ఆండర్సన్ ఆసుపత్రి వాళ్లు తమ రోగుల లెక్కలు తీసి 2014లో ప్రచురించారు. జబ్బు రెండు, మూడు దశల్లో ఉన్నవాళ్లకీ, ట్రిపుల్ నెగెటివ్ వాళ్లకీ, హెర్2 పాజిటివ్ వాళ్లకీ 60 రోజులు దాటేసరికే తేడా కనిపించింది. మీ ఫిష్ ఎటు తేలినా మీరు ఆ గుంపులోనే ఉంటారు. నెగెటివ్ వస్తే ట్రిపుల్ నెగెటివ్, పాజిటివ్ వస్తే హెర్2.

ఇంకో సంగతి కూడా దాచకుండా చెప్పాను. మీలాంటి గడ్డకి ఈ రోజుల్లో చాలాచోట్ల కీమో ముందిచ్చి, గడ్డ కరిగాక ఆపరేషన్ చేస్తున్నారు. మీకు ఆపరేషన్ ముందు జరిగింది. తప్పేం కాదు, చాలామందికి అలాగే జరుగుతుంది. కానీ మందు ఇంకా ఒంట్లోకి వెళ్లలేదు గనక ఇక వాయిదాలు వద్దు.

గడ్డ తీసేశాక కీమో ఎందుకు అని మీ బావగారు అడిగారట. సర్జన్ కంటికి కనబడింది తీస్తారు. గడ్డ నుంచి విడిపోయి రక్తంలో తిరిగే కణాలు స్కానింగుకి కూడా అందవు. ఇటలీలో మిలాన్ డాక్టరు బొనడోనా ఆపరేషన్ తర్వాత మూడు మందులు కలిపి ఇస్తే జబ్బు తిరగబెట్టడం తగ్గుతుందని 1976లో చూపించాడు. మనం ఇప్పటికీ నడుస్తున్నది ఆ దారిలోనే, మందులు మారాయంతే.

గాయం సంగతికొద్దాం. కీమో ఇచ్చాక ఏడో రోజు నుంచి పద్నాలుగో రోజు దాకా తెల్ల కణాలు బాగా పడిపోతాయి. ఆ సమయంలో కుట్లు విడిపోయి ఉన్నా, చీమున్నా ఒళ్లంతా పాకుతుంది. అందుకే గాయం మూతపడాలంటాం. మూతపడడం వేరు, పూర్తిగా మానడం వేరు. మచ్చ మెత్తబడి, లాగడం, తిమ్మిరి పోయేసరికి నెలలు పడుతుంది, దానికోసం ఎవరూ ఆగరు. మీ చంక కింద చేరిన నీరు చాలామందికి చేరేదే. సర్జన్ దగ్గర సిరంజితో తీయించుకోవచ్చు, రెండు మూడుసార్లు తీయాల్సి వచ్చినా ఫర్వాలేదు. ఎర్రబారి వేడిగా ఉంటేనో, జ్వరం 100.4 దాటితేనో తప్ప ఆ నీటి కోసం కీమో ఆపరు. కుట్ల అంచు నల్లబడితే మాత్రం ఆ రోజే చూపించండి.

మీ గాయం నెమ్మదిగా మానడానికి నాకు రెండు కారణాలు కనబడ్డాయి. ఒకటి షుగరు. రెండోది మీరు ఉత్తరంలో రాయలేదు, ఏం తింటున్నారని అడిగితే బయటపడింది. ఇరవై రోజులుగా చారన్నం, బీరకాయ కూర. పప్పు తింటే చీము పడుతుందని అత్తగారు పప్పు మానిపించారు, గుడ్డు వేడి అని గుడ్డు మానిపించారు, వంకాయ సరేసరి. మా అమ్మమ్మ కూడా ఇదే అనేది, నేను ఎంబీబీఎస్ పాసయ్యాక కూడా నా మాట వినలేదు. కుట్లు అతుక్కోవడానికి కావలసింది మాంసకృత్తులు. రోజుకి రెండు గుడ్లు, రెండు పూటలా ముద్దపప్పు, పెరుగు, మీ ఊళ్లో దొరికే మంచి చేపలు తినండి. ‘ఒంట్లో రక్తం పట్టడం’ అంటే మీ బావగారికి ఏమిటో తెలియదు గానీ, నాకు మాత్రం ఇదే. దానికి మూడు నెలలక్కర్లేదు.

షుగరుకి మూడు నెలల సగటు చూపించే పరీక్ష తగ్గేదాకా ఆగుతామనకండి. పేరులోనే ఉంది, అది తగ్గాలంటే మూడు నెలలు పడుతుంది. నాకు కావలసింది రోజువారీ అంకెలు. పరగడుపున 130 లోపు, తిన్నాక 180, 200 మధ్యకి వస్తే చాలు. ఇన్సులిన్ అంటే భయపడ్డారు. కీమో రోజున వాంతులు రాకుండా స్టెరాయిడ్ ఇస్తారు, దాంతో షుగరు ఎగిరిపోతుంది. మాత్రలతో ఆగదు. కీమో నడిచినన్నాళ్లూ ఇన్సులిన్ అనుకోండి, తర్వాత మీ షుగరు డాక్టరు మార్చవచ్చు.

నిజానికి గాయం వల్ల ఆలస్యమైనవాళ్లను నేను తక్కువ చూశాను. కాగితాల వల్ల ఆలస్యమైనవాళ్లే ఎక్కువ. నేను కొత్తగా ప్రాక్టీసు పెట్టిన రోజుల్లో ప్రకాశం జిల్లా నుంచి ఒకావిడ వచ్చింది. ఏదో నర్సింగ్ హోంలో గడ్డ తీసి, డబ్బాలో మందు నీళ్లు పోసి, ‘ల్యాబులో ఇవ్వండి’ అని ఇంటివాళ్ల చేతికిచ్చారు. ఏ ల్యాబో, ఎప్పటిలోగానో చెప్పలేదు. అది బీరువా మీద పదకొండు వారాలుంది. గడ్డ ఆ మందులో ఆరు గంటల నుంచి 72 గంటల వరకే ఉండాలి, ఎక్కువైతే ఈఆర్, హెర్2 పరీక్షలు సరిగ్గా తేలవు. ఆమెకు ఏ మందు పనిచేస్తుందో తెలుసుకునే వీలే పోయింది. తర్వాత జరిగిన దానికి ఆ ఆలస్యమే కారణమని నేను అనలేను. కానీ ఆ డబ్బా నా కళ్ల ముందు నుంచి పోలేదు, అందుకే ఫోన్ ఎత్తగానే మిమ్మల్ని మొదట అడిగింది ‘మీ బ్లాకులు ఎక్కడున్నాయి?’ అని. మీకు తెలియదన్నారు. ఆపరేషన్ చేసిన ఆసుపత్రి ల్యాబులో ఉంటాయి. మీ గడ్డ ముక్కల్ని మైనంలో పోతపోసిన చిన్న బిళ్లలవి. మీవారు వెళ్లి సంతకం పెట్టి తీసుకుని ఫిష్ చేసే ల్యాబుకి పంపాలి. ఎవరో ఒకరు పంపుతారులే అనుకుంటే ఎవరూ పంపరు. రిపోర్టుకి వారం, పది రోజులు. అది రాలేదని మొదటి సైకిల్ ఆపనక్కర్లేదు. హెర్2 ఇంజెక్షన్ మామూలుగా మొదటి రకం మందుల సైకిళ్లు అయ్యాక, రెండో రకం మందులతో కలిపి మొదలుపెడతాం కాబట్టి వ్యవధి ఉంటుంది. మీ ఆంకాలజిస్టుతో ఈ మాట అనండి.

ఈలోగా చేయించుకోవలసినవి రక్తకణాల లెక్క చూసే సీబీపీ, కిడ్నీ, లివర్ పరీక్షలు, హెపటైటిస్ బి, గుండెకి టూడీ ఎకో. మీకు ఇవ్వబోయే ఎర్ర మందు (డాక్సోరుబిసిన్ అనే కీమో మందు), హెర్2 మందు రెండూ గుండెను కనిపెట్టుకుని ఇవ్వాల్సినవి. సూదులన్నీ కుడి చేతికే, ఎడమ చేతికి బీపీ పట్టీ కూడా కట్టనివ్వకండి. ఆరోగ్యశ్రీ కార్డుంది అన్నారు. ఇప్పుడు దాని పేరు ఎన్టీఆర్ వైద్య సేవ. ఆపరేషన్‌కి వచ్చిన అనుమతి కీమోకి సరిపోదు, విడిగా పెట్టాలి. డాక్టర్ని కలిసిన రోజే ఆసుపత్రిలో ఆ పథకం పనులు చూసేవాళ్ల దగ్గర కూర్చుని ఆ పని చూసుకోండి.

ఇప్పుడు అసలు పెళ్లి మాట. జూలై 3న, అంటే 31వ రోజున, మొదటి సైకిల్ అనుకుందాం. మూడు వారాలకోసారి ఇచ్చే పద్ధతైతే రెండోది జూలై 24న. ఆగస్టు 13 దానికి ఇరవయ్యో రోజు. కీమో నడిచేవాళ్లకి ఆ మూడు వారాల్లో మంచి రోజులంటే చివరి మూడు నాలుగు రోజులే. తెల్ల కణాలు కోలుకుంటాయి, నోరు రుచి తెలుస్తుంది, ఓపిక ఉంటుంది. మీ పురోహితుడు నన్నడిగి ముహూర్తం పెట్టినట్టుంది. మూడో సైకిల్ 14న పడాలి, రెండు రోజులు జరిపి 16న వేయించుకోవచ్చు, ఆ మాత్రానికి నష్టం లేదు. రెండు వారాలకోసారి ఇచ్చే పద్ధతైతే జూలై 3, 17, 31, ఆగస్టు 14. అందులోనూ పెళ్లిరోజు మంచి రోజే. పెళ్లికి మూడు రోజుల ముందు సీబీపీ చేయించుకోండి. జలుబు, దగ్గు ఉన్న చుట్టాలు ఎంత దగ్గరివాళ్లైనా దూరంగా ఉంచండి, భోజనం బంతిలో వేడిగా వడ్డించింది మాత్రమే తినండి. ఎడమ చేతికి బిగుతు గాజులు వద్దు.

జుట్టు గురించి మీకు అబద్ధం చెప్పలేను. మొదటి సైకిల్ పడ్డాక రెండు మూడు వారాల్లో ఊడుతుంది, పెళ్లినాటికి ఉండదు. మీకు ఒత్తైన జడ ఉందన్నారు. దాన్ని ఇప్పుడే కత్తిరించి విగ్గు కట్టించుకోండి. కొందరు జుట్టు రాలకముందే తిరుపతి వెళ్లి తలనీలాలు ఇచ్చేస్తారు. మీకూ అదే ఇష్టమైతే జూలై 3కి ముందు వెళ్లండి, తర్వాత ఆ రద్దీలోకి వద్దు. పట్టుచీర కొంగు కప్పుకుని విగ్గుతో కన్యాదానం చేసిన తల్లుల్ని నేను పెళ్లి ఫోటోల్లో చూశాను. ఎవరూ చెప్పకపోతే తెలియలేదు.

అత్తగారితో కూడా మాట్లాడించారు కదా. ఆషాఢం వెళ్లేదాకా అంటే జూలై 25, ఆపరేషన్‌కి 53వ రోజు. ‘పిల్లకి జ్వరమొస్తే ఆషాఢమని మాత్ర ఆపుతామా పెద్దమ్మా’ అన్నాను. ఆవిడ కాసేపు ఆగి, ‘గురువారం మంచిదేలే’ అన్నారు. జూలై 3 గురువారమే.

మిగతా పాఠకులకు ఒక మాట. ఈ తేదీలు చూసి ఎవరూ కంగారుపడొద్దు. గడ్డ చిన్నదై, చంకలో ఏమీ లేక, ఈఆర్ పాజిటివ్, హెర్2 నెగెటివ్ ఉన్నవాళ్లలో చాలామందికి కీమో అక్కర్లేదు, మాత్రలు సరిపోతాయి. అలాంటివాళ్లకి డాక్టరు కీమో వద్దంటే డబ్బు లేదనో, కేసు చేయిదాటిపోయిందనో కాదు.

కీమో తర్వాత మీకు కరెంటు, అంటే రేడియేషన్, పెట్టాల్సి రావచ్చు, చంకలో రెండు బిళ్లలున్నాయి కాబట్టి. అది డిసెంబరు మాట, ఇప్పుడు బుర్రలో పెట్టుకోకండి. మీవారు బ్లాకులు తీసుకున్న రోజు నాకు ఫోన్ చేయండి. మధ్యాహ్నం రెండు దాటాక చేయండి, ఉదయం ఓపీలో ఎత్తలేను.