నరమా, రక్తనాళమా? కారడమా, ఊరడమా?

సందేహం: ఒక ఆరోగ్య వ్యాసంలో ‘తీవ్రమైన అలర్జీలో నరాలు కారి బీపీ పడిపోతుంది, దీన్ని జీవసూచికలతో గుర్తిస్తారు’ అని చదివాను. ఇక్కడ నరాలు అనవచ్చా? నరాలు కారడమేమిటి? జీవసూచిక మంచి మాటేనా?

సమాధానం: మీకు అనుమానం రావడం సబబే. ఆ ఒక్క వాక్యంలో మూడుచోట్ల మాట జారింది.

మొన్న రక్తం తీయడానికి వచ్చిన నర్సు ‘నరం దొరకడం లేదండీ, పిడికిలి గట్టిగా బిగించండి’ అంది. ఆవిడ వెతికింది సిరను. నరాల డాక్టర్ చూసే నరం వేరు, అది మెదడు కబుర్లు మోసే తీగ. మాటల్లో ఒకే పదం రెండింటికీ చెల్లుతోంది, ఎవరికీ ఇబ్బంది లేదు. వైద్యం గురించి రాసేటప్పుడు మాత్రం ఇబ్బందే. అలర్జీ ముదిరినప్పుడు వదులై వెడల్పయ్యేవి, చిల్లులు పడ్డట్టు తయారయ్యేవి రక్తనాళాలు. అందులోనూ లోపలి నీటిని ఎక్కువగా వదిలేవి కంటికి కనిపించని చిన్న సిరలు. కాబట్టి అక్కడ ‘రక్తనాళాలు’ అనాలి. చికిత్స దగ్గరా ఇదే జాగ్రత్త కావాలి. ముందుగా ఇచ్చే అడ్రినలిన్ సూది తొడ కండకి వేస్తారు, సిరలోకి కాదు.

ఇక కారడం. కుండ కారుతోంది అన్నట్టే నాళం కారుతోంది అంటే వ్యాకరణం ఒప్పుకుంటుంది. కానీ రక్తనాళం పక్కన ‘కారు’ వేయగానే చదివేవాడికి రక్తం కారినట్టే తోస్తుంది. జరిగేది అది కాదు. హిస్టమిన్ లాంటి పదార్థాల వల్ల నాళం లోపలి పొరలో కణాల మధ్య సందులు ఏర్పడతాయి. ఎర్రకణాలు చాలావరకు లోపలే ఉండిపోతాయి, రక్తంలోని నీటి భాగమైన ప్లాస్మా మాత్రం చుట్టూ ఉన్న కణజాలంలోకి, చర్మం కిందికి దిగుతుంది. పది నిమిషాల్లోనే నాళాల్లోని ద్రవంలో మూడో వంతు దాకా అలా పోవచ్చు. దీనికి మనకు చక్కటి క్రియ ఉంది: ఊరడం. చిల్లుంటే కారుతుంది, సన్నని సందుల్లోంచి ఊరుతుంది. పెదవులు, కనురెప్పలు ఉబ్బితే ‘నీరు పట్టింది’ అంటాం చూడండి, ఆ నీరు ఇలా ఊరినదే.

ఇంగ్లీషు ‘బయోమార్కర్’కి మాటగా వాడే ‘జీవసూచిక’ను తప్పనను, నాకు నచ్చదు, అంతే. సూచిక అనగానే పుస్తకం మొదట్లో ఉండే విషయసూచిక గుర్తొస్తుంది. ‘సూచకం’ కొంత మెరుగు. నన్నడిగితే ‘రక్తంలో ఆనవాలు’ అంటాను. సీతకు హనుమంతుడు చూపిన ఉంగరం ఆనవాలు. జరిగినదానికి చేతిలో మిగిలిన రుజువు అన్నమాట. అలర్జీలో రేగి హిస్టమిన్‌ను విడుదల చేసే మాస్ట్ కణాలు దానితోపాటు వదిలే ట్రిప్టేజ్ సరిగ్గా అలాంటిదే. హిస్టమిన్ గంటలోపే రక్తంలోంచి మాయమవుతుంది, ట్రిప్టేజ్ ఇంకొన్ని గంటలు నిలుస్తుంది. అందుకే వీలైతే రెండు గంటల్లో, ఎంత ఆలస్యమైనా నాలుగు గంటల్లోపు రక్తం తీస్తారు. 24 గంటలు దాటాక మరోసారి తీసి, అదే మనిషి మామూలు మట్టంతో పోలుస్తారు. మామూలు అంకెను 1.2తో హెచ్చించి 2 కలపాలి. ఆ వచ్చినదానికి మొదటి అంకె సమానమైనా, మించినా మాస్ట్ కణాలు రేగాయని లెక్క. అయితే ఆహారం పడక వచ్చే రియాక్షన్‌లో ట్రిప్టేజ్ ఒక్కోసారి పెరగదు. ఆనవాలు దొరకనంత మాత్రాన ఏమీ జరగలేదని అనలేం.

దీన్నిబట్టే మీరు అడగని తప్పు ఒకటి బయటపడుతోంది: ‘గుర్తిస్తారు’. ఈ తీవ్రమైన అలర్జీని, అంటే అనాఫిలాక్సిస్‌ను, డాక్టర్లు గుర్తించేది దద్దుర్లు, ఆయాసం, బీపీ పడిపోవడం లాంటి లక్షణాలు చూసి. రిపోర్టు వచ్చేదాకా సూది ఆపరు. రక్తపరీక్ష తర్వాత రూఢి చేసుకోవడానికి.

నేనైతే ఆ వాక్యాన్ని ఇలా రాస్తాను: ‘తీవ్రమైన అలర్జీలో రక్తనాళాలు వదులై, వాటిలోంచి నీరు బయటికి ఊరి బీపీ పడిపోతుంది. వచ్చింది అదేనని తర్వాత రక్తంలోని ఆనవాళ్ళతో రూఢి చేసుకుంటారు.’