న్యూయార్క్‌లోని సీబీజీబీ బార్‌కి అంత పేరెలా వచ్చింది? ఎందుకు మూతపడింది?

హిల్లీ క్రిస్టల్ 1973 డిసెంబరులో మాన్‌హాటన్‌లో, 315 బవరీ చిరునామాలో దీన్ని తెరిచాడు. పేరులోని అక్షరాలు కంట్రీ, బ్లూగ్రాస్, బ్లూస్ సంగీతాలవి. తీరా అక్కడ పాతుకుపోయింది వేగంగా, గట్టిగా, తిరుగుబాటు ధోరణిలో సాగే పంక్ రాక్ సంగీతం!

దానికి ముఖ్య కారణం ఒక షరతు: బ్యాండ్లు సొంత పాటలే వాయించాలి. అప్పట్లో చాలా బార్లు జనానికి తెలిసిన హిట్ పాటలే అడిగేవి, కాబట్టి సొంతంగా రాసుకునే కుర్రాళ్లకు వేదిక దొరకడం కష్టం. ఇతరుల పాటలు వాయిస్తే హక్కుల సంఘాలకు బార్ యజమాని రుసుము కట్టాలి. ఈ షరతుతో ఆ బెడదా తగ్గింది. 1974లో టెలివిజన్, రామోన్స్ అనే బ్యాండ్లు వాయించాయి. తర్వాత గాయని ప్యాటీ స్మిత్, బ్లాండీ, టాకింగ్ హెడ్స్ బ్యాండ్లు వచ్చారు. ఇరుకైన పొడవాటి గది, పరమ మురికి మరుగుదొడ్లు. పేరుకు అవేమీ అడ్డం కాలేదు.

పంక్ మోజు తగ్గి మూతపడిందనేది సగం కూడా నిజం కాదు. అసలు గొడవ అద్దెది. భవనాన్ని అద్దెకిచ్చిన నిరాశ్రయుల సేవాసంస్థ బకాయిలున్నాయని కోర్టుకెళ్లింది. 2005లో తీర్పు బార్‌కే అనుకూలంగా వచ్చింది, కానీ లీజు గడువు తీరిపోయింది, పొడిగించలేదు. 2006 అక్టోబరు 15న ప్యాటీ స్మిత్ ఆ బార్‌లో చివరి కచేరీ చేసింది. 2008లో అక్కడ జాన్ వార్వాటోస్ బట్టల దుకాణం వెలిసింది.